శుక్రవారపు నిద్రకు కాపలా

నిద్రపోతున్న మనిషిని లేపవలసి వస్తే కోటిరత్నం పేరు పెట్టి పిలవదు. భుజం పట్టుకుని కుదపదు. కాళ్ళ దగ్గర కూర్చుని కుడికాలి బొటనవేలు పట్టుకుంటుంది. రెండుసార్లు మెల్లగా నొక్కుతుంది. కళ్ళు తెరిచేదాకా వేలు వదలదు. తెరిచాక టైము ఎంతయిందో చెబుతుంది. అంతే, ఇంకో మాట ఉండదు.

మొగుడు బుల్లయ్యను రోజూ అలాగే లేపుతుంది. అతను గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు మోస్తాడు. మొదట్లో ఉలిక్కిపడి కాలు విదిలించేవాడు. పధ్నాలుగేళ్ళు కువైట్‌లో ఉండి వచ్చిన మనిషి అరబ్బుల పద్ధతి ఏదో నేర్చుకొచ్చిందనుకున్నాడు. ఇప్పుడు వేలు ముట్టుకోకపోతే లేవడు.

వాళ్ళ ఊరు ప్రత్తిపాడు పక్కన పల్లె. సంక్రాంతి దాటితే మిరపకోతలు. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక కూలీ ఆడవాళ్ళు చేను గట్టు మీద కాసేపు నడుం వాలుస్తారు. మేస్త్రి కేక వెయ్యకముందే కోటిరత్నం లేచి, ఒక్కొక్కరి కాళ్ళ దగ్గరా కూర్చుని వరసగా లేపుకుంటూ పోతుంది. చెంచమ్మ ఆమెకు చిన్నప్పటి నుంచి జత. కళ్ళు నులుముకుంటూ ఎగతాళి చేస్తుంది.

"ఏమే రత్నం, కువైట్‌లో నీ ఉద్యోగం ఇదేనా?"

"ఇదే."

చెంచమ్మ నమ్మదు. జీతం వచ్చిన పని అది కాదు కానీ, కోటిరత్నం చెప్పింది అబద్ధమూ కాదు.

కూతురు శ్రీరమ్య నర్సు చదువు చదవాలంది. దాని కోసం కోటిరత్నం కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళింది. దిగిన ఇల్లు పెద్దది. వంట చేసే మనిషి లూర్దెస్, ఫిలిప్పీన్స్ దేశస్థురాలు, కోటిరత్నం కంటే పదేళ్ళు పెద్ద. ఆమెను అక్కడ అందరూ అతె అనేవాళ్ళు. వాళ్ళ భాషలో అక్క అని. శుక్రవారం ఇద్దరికీ ఆరు గంటలు సెలవు. కానీ ఇంటావిడ ఒక షరతు పెట్టింది: ఇద్దరూ ఒకే కారులో వెళ్ళాలి, ఒకే కారులో రావాలి. ఆ ఊళ్ళో తెలుగువాళ్ళ ప్రార్థన కూడా జరిగేది. అది ఊరికి ఆ చివర. డ్రైవరు ఒక్క చోటికే తిప్పుతానన్నాడు. లూర్దెస్ అప్పటికే పదిహేనేళ్ళుగా ఫిలిప్పీన్స్ వాళ్ళ సంఘానికి వెళుతోంది. అలా కోటిరత్నం చిన్నప్పటి నుంచి కంఠతా వచ్చిన తెలుగు పాటలన్నీ లోపలే దాచుకుని, ఒక్క ముక్క అర్థం కాని ఆరాధనలో వెనక వరసలో కూర్చుంది.

ఒక పాత మేడ మీద, దర్జీ దుకాణానికి పైన, పొడవాటి హాలు. వారమంతా కరెంటు సామాన్ల కొట్లో పనిచేసే మనిషి శుక్రవారం అక్కడ పాస్టరు. గుమ్మంలో ఎవరు అడుగుపెట్టినా మొదట అడిగే మాట ఒకటే, తిన్నావా అని. ఆ ఒక్క మాట అర్థమయ్యాక కోటిరత్నానికి అక్కడ బెరుకు పోయింది.

వాళ్ళకొక పద్ధతి ఉంది. మూడు నెలలు వరసగా వచ్చిన మనిషిని ఊరికే కూర్చోనివ్వరు. ఏ పరిచర్య చేస్తావని అడుగుతారు. గోడ మీద అట్ట ఉంటుంది. పాటలు, పిల్లలు, వంట, గుమ్మం, ఆసుపత్రి. ఎదురుగా పేర్లు. కోటిరత్నాన్నీ అడిగారు. వాళ్ళ పాటలు ఆమెకు రావు. ఆమె కూర వండితే వాళ్ళు నీళ్ళు తాగుతూ తిన్నారు, కళ్ళు తుడుచుకుంటూ బాగుందన్నారు. ఆలోచించుకుని చెబుతానంది.

వెనక వరసలో కూర్చున్నది కాబట్టి ఆమెకు ఒకటి కనబడింది. వచ్చేవాళ్ళలో సగం మంది ఇళ్ళలో పనిచేసే పిల్లలు. రాత్రి ఏ రెండింటికో పడుకుని అయిదింటికి లేచినవాళ్ళు. పాస్టరు వాక్యం చెప్పడం మొదలుపెట్టేసరికి మెడలు వాలిపోయేవి. పక్కవాళ్ళు మోచేత్తో పొడిస్తే లేచి కూర్చుని, సిగ్గుపడి, మళ్ళీ వాలిపోయేవాళ్ళు.

తర్వాతి శుక్రవారం ఆమె సంచిలో తన చీరాల దుప్పటి పెట్టుకుని వెళ్ళింది. హాలు చివర పిల్లల బొమ్మలు పెట్టే మూలకు తెర ఉంది. దాని వెనక దుప్పటి పరిచింది. మెడ వాలిపోయిన ఒక పిల్ల చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి పడుకోబెట్టింది. ఆ పిల్ల ఎందుకని కూడా అడగలేదు. సాయంత్రానికి దుప్పటి మీద నలుగురు ఉన్నారు. ఎవరు ఎన్నింటికి ఇంటికి చేరాలో అడిగి చేతి మీద రాసుకుంది. ఆ టైముకు అరగంట ముందు లేపింది. ఆ నలుగురూ వారమంతా అరుపులతోనే నిద్ర లేచేవాళ్ళని ఆమెకు తెలుసు. అందుకే నోరు విప్పలేదు. కాలివేలు పట్టుకుంది.

ప్రార్థనకు వచ్చి పడుకోవడమేమిటని పెద్దవాళ్ళలో ఒకరిద్దరు గొణిగారు. పాస్టరు పెన్ను తీసుకుని వెళ్ళి, గోడ మీద అట్టలో అడుగున ఇంకో గీత కొట్టాడు. నిద్ర అని రాశాడు. దానికెదురుగా రత్న అని రాశాడు.

ఆ పని ఎనిమిదేళ్ళు తప్పు లేకుండా చేసింది. ఒక దుప్పటి అయిదు పరుపులైంది. ముప్ఫై మంది ఇళ్ళ టైములు ఆమెకు నోటికొచ్చు. వాళ్ళ భాష కూడా వచ్చేసింది, తిట్లతో సహా. ఒక్క అలవాటు మాత్రం మార్చుకోలేదు. చేతి గడియారం ఎప్పుడూ మన టైములోనే ఉంచేది. అది చూసుకుంటే శ్రీరమ్య బడి నుంచి వచ్చిందో లేదో, బుల్లయ్య యార్డు నుంచి తిరిగొచ్చాడో లేదో తెలిసేది. కువైట్ టైము కావలసి వస్తే రెండున్నర గంటలు తీసేసేది. మనసులోనే తీసేసేది, తడుముకోకుండా.

తొమ్మిదో ఏడు నెనిత వచ్చింది. ఇరవై ఆరేళ్ళ పిల్ల. ఆమె పనిచేసే ఇంట్లో కవలలు, రాత్రంతా ఎత్తుకుని తిరగాలి. నెనిత నాలుగింటికల్లా ఇంట్లో ఉండాలి, అంటే మూడున్నరకు లేపాలి. ఆ వారం కోటిరత్నం ఉన్న ఇంట్లో పెళ్ళి. ఆమెకూ మూడు రాత్రులు నిద్ర లేదు. పరుపుల పక్కన గోడకు ఆనుకుని, కునుకు రాకుండా వేళ్ళు విరుచుకుంటూ కూర్చుంది. గడియారం చూసుకుంది. ఆరున్నర. మూడు తీసేసింది. మూడున్నర.

వెళ్ళి నెనిత కాలివేలు పట్టుకుని మూడున్నరయిందని చెప్పింది. అప్పటికి నాలుగు.

ఆ అరగంటకు నెనిత ఇంటావిడ శుక్రవారం సెలవు తీసేసింది. ఒప్పందం ముగియడానికి ఇంకా ఏడాదిన్నర ఉంది. ఆ ఏడాదిన్నరా నెనిత ఆ ఇంటి గడప దాటలేదు. గడువు తీరాక అటునుంచి అటే తన దేశం వెళ్ళిపోయింది. కోటిరత్నం ఆమెను మళ్ళీ చూడలేదు.

అట్ట మీద తన పేరు కొట్టెయ్యమని అడిగింది. తప్పు చేసినవాళ్ళ పేర్లు కొట్టేస్తే పాస్టరు పేరుతో మొదలుపెట్టాలని లూర్దెస్ కసిరింది. కోటిరత్నం రెండో గడియారం కొనుక్కుంది. ఎడమచేతికి మన టైము, కుడిచేతికి అక్కడి టైము. ఇంకో అయిదేళ్ళు అలా చేసి ఇంటికొచ్చేసింది. ఊళ్ళో ఆ సంఘం గురించి ఎన్నో చెప్పింది. పాటలు పాడి వినిపించింది. నెనిత గురించి మాత్రం బుల్లయ్యకు కూడా చెప్పలేదు.

వచ్చి మూడేళ్ళు. ఇప్పటికీ శుక్రవారం మధ్యాహ్నం మూడున్నర దాటాక, అక్కడ ఆరాధన అయ్యాక, లూర్దెస్ ఫోను చేస్తుంది. హాలంతా తిప్పి చూపిస్తుంది. తెర తొలగించి పడుకున్నవాళ్ళను చూపిస్తుంది. కోటిరత్నం పేరు పేరునా అడుగుతుంది.

ఈ ఏడు కోతలు మొదలైన కొత్తలో లూర్దెస్ ఒక కబురు చెప్పింది. కోటిరత్నం తర్వాత నిద్ర చూసుకుంటున్న మనిషి తన దేశం వెళ్ళిపోయింది. ఆ పని చేస్తానని ఒకామె తనంతట తను వచ్చింది. పని నీ దగ్గరే నేర్చుకుంటానంటోంది, వచ్చే శుక్రవారం మాట్లాడిస్తానంది.

ఎవరని అడిగింది కోటిరత్నం.

"నెనిత. వేరే ఇంట్లో పని దొరికి మళ్ళీ వచ్చింది."

ఆ శుక్రవారం కోటిరత్నం ఫోను ఇంట్లో వదిలేసి చేనుకు పోయింది. మరుసటి శుక్రవారం తీసుకెళ్ళింది కానీ మోగకుండా నొక్కి ఆపేసింది. అక్కడ ఎవరితోనైనా పోట్లాడావా ఏమిటని బుల్లయ్య అడిగితే, ఎండకు ఫోను పాడైపోతుందని చెప్పింది. నెనిత తిడుతుందేమోనని కాదు ఆమె భయం. తిడితే పడొచ్చు. ఆ సంగతే ఎత్తకుండా, నవ్వు మొహంతో పని గురించి మాత్రమే అడిగి ఫోను పెట్టేస్తే ఏం చెయ్యాలో తెలియలేదు.

రాత్రికి ఫోను తెరిస్తే లూర్దెస్ గొంతు రికార్డు చేసి పంపి ఉంది. నెనితకు ఎవరి టైము ఏమిటో ఇంకా పట్టుబడలేదట. పోయిన వారం ఒక పిల్ల పావుగంట ఆలస్యంగా లేచిందట. ఇంటికి ఎలాగో చేరింది కానీ, ఈసారి చేరకపోవచ్చు. కోపం లేదు ఆ గొంతులో.

మూడో శుక్రవారం ఆమె చేనుకు పోలేదు, కూర్చుని ఫోను మాట్లాడే వీలుంటుందని కల్లానికి పోయింది. కోసిన కాయ పట్టాల మీద ఎండుతోంది. ఎర్రటి కాయల్లోంచి తెల్లబడ్డ తాలు కాయలు ఏరుతూ నలుగురు ఆడవాళ్ళు కూర్చున్నారు. చెంచమ్మ కూడా ఉంది. ఘాటుకు ఒకరు దగ్గితే అందరూ దగ్గుతున్నారు. ఫోను ఒళ్ళో పెట్టుకుంది. మోగగానే చీర కొంగుతో చేతులు తుడుచుకుని ఎత్తింది.

నెనిత ఒళ్ళు చేసింది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. వాళ్ళు మాట్లాడుకున్నది అరబ్బీ, ఇంగ్లీషు, వాళ్ళ భాష కలిసిపోయిన మాట.

"అతె, తిన్నావా?"

"తిన్నాను. నువ్వు?"

"తిన్నాను."

నెనిత పుస్తకం తెరిచి పెన్ను పట్టుకుంది. ఎవరిని ముందు పడుకోబెట్టాలి, ఎవరిని గోడవైపు పెట్టాలి అని అడగడం మొదలుపెట్టింది. కోటిరత్నం రెండింటికి జవాబు చెప్పింది. మూడోది అడగబోతుంటే ఆపింది.

"నెనితా, ఆ రోజు అరగంట..."

"తెలుసు. అతె లూర్దెస్ చెప్పింది. మూడు తీసేశావట."

"నా తప్పు."

"నీ తప్పే," అంది నెనిత. నవ్వలేదు. "రెండు నెలలు నిన్ను తిట్టుకున్నాను. గిన్నెలు తోముతూ, నీకు తెలియని తిట్లన్నీ తిట్టాను."

"నాకు తెలియనివి లేవు. లూర్దెస్ అన్నీ నేర్పింది."

నెనితకు నవ్వొచ్చింది. నవ్వు అణుచుకోవడానికి పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుంది. దించాక కళ్ళు తడిగా ఉన్నాయి.

"తర్వాత లెక్క వేసుకున్నాను అతె. ఆ రోజు పన్నెండున్నరకు పడుకున్నాను. నాలుగింటికి లేపావు. మూడున్నర గంటలు. ఆ ఇంట్లో ఉన్న రెండేళ్ళలో నేను ఒక్క బిగిన మూడున్నర గంటలు నిద్రపోయింది ఆ ఒక్క రోజే. మిగిలిన ఏడాదిన్నరా రాత్రిపూట పిల్లల్ని ఎత్తుకుని తిరుగుతూ ఆ నిద్రను తలుచుకునేదాన్ని. మళ్ళీ వచ్చాక ఏ పని చేస్తావని అడిగారు. ఇది చేస్తానన్నాను."

 మిరప ఘాటు చేతుల నుంచి కళ్ళకు అంటిందో ఏమో, కోటిరత్నం కొంగు తీసి అద్దుకుంది. దాంతో ఇంకా మండింది.

"ఎవరికీ అరగంట ఎక్కువ ఇవ్వకు," అంది చివరికి.

"ఇవ్వను."

"రాసుకో."

నెనిత రాసుకుంది. ఆ తర్వాత గంటసేపు పాఠం సాగింది. కాళ్ళు ముట్టుకుంటే తన్నే పిల్ల ఉంటుంది, దానికి దిండు పక్కనుంచి వెళ్ళాలి. లేచాక ఏడ్చేవాళ్ళుంటారు, వాళ్ళను అయిదు నిమిషాలు ముందు లేపాలి. నిద్రలో పిల్లల పేర్లు పిలిచేవాళ్ళను లేపాక ఆ సంగతి వాళ్ళకు చెప్పకూడదు. కాపలా కూర్చున్నవాళ్ళు గోడకు ఆనుకోకూడదు. ఇది కోటిరత్నం రెండుసార్లు చెప్పింది. ఫోను పెట్టేసేసరికి ఆమె ముందున్న తాలు కుప్ప అలాగే ఉంది, మిగతావాళ్ళవి పూర్తయ్యాయి. ఎవరే ఆ పిల్ల, ఏం భాషే అది, అని చెంచమ్మ అడిగింది. పొద్దుపోయింది, రేపు చెబుతానంది కోటిరత్నం.

మర్నాడు శనివారం, రెండో కోత. మంచు ఇంకా ఆరకుండానే చేలో దిగారు. కోటిరత్నం చెంచమ్మ పక్క సాలు పట్టుకుంది. కాయ కోసి ఒడిలో వేసుకుంటూ మొదటి నుంచి చెప్పుకొచ్చింది. దర్జీ కొట్టు మీద హాలు, చీరాల దుప్పటి, గోడ మీద అట్ట. తను మూడు గంటలు తీసేసిన దగ్గరకు వచ్చినప్పుడు దాటెయ్యలేదు. చెంచమ్మ చెయ్యి ఆగింది.

"ఏడాదిన్నరా?"

"ఏడాదిన్నర."

చెంచమ్మ మళ్ళీ కోత అందుకుంది. నాలుగు మొక్కలు దాటాక, ఆ పిల్లకు మన కాయ కాస్త పంపించరాదూ అంది. అక్కడివాళ్ళు ఈ కారం తినలేరని కోటిరత్నం చెప్పింది. చెప్పి, మిగిలింది కూడా చెబుతూ, సాలు చివరిదాకా కోసుకుంటూ పోయింది.