శౌరమ్మ వంతు గుడ్డు

మా అక్క శౌరమ్మకు డెబ్బై ఒకటి. గుణదలలో ఒక బడి వంటశాలలో ముప్పై ఏళ్ళు పిల్లలందరికీ వండిపెట్టి, రిటైరయ్యాక మా బావ అంతోనికి ఒక్కడికే వండుతోంది. బావ మహానుభావుడు. వడ్డిస్తే తింటాడు. అంతకుమించి ఎవరికీ శ్రమ ఇవ్వడు.

ఏటా తిరునాళ్ళకు మేరీమాత కొండెక్కి, పైన సిలువ దగ్గర కొవ్వొత్తి వెలిగించడం అక్కకు ప్రాణం. మొన్న ఫిబ్రవరిలో మాత్రం కాళ్ళలో సత్తువ లేక సగం మెట్ల మీదే కూలబడి ఏడ్చింది.

ఆ తర్వాతే అక్షయ అనే అమ్మాయి మా వీధికి వచ్చింది. పోషకాహారం మీద పరిశోధనట. వయసు మీదపడితే కండ కరుగుతుందనీ, మాంసకృత్తులు పెంచి రోజూ కాస్త వ్యాయామం చేస్తే నిలుస్తుందేమో చూస్తున్నామనీ చెప్పింది. అక్క పేరు రాసుకుని, నెలకు ముప్పై గుడ్లు, టిక్కులు పెట్టడానికో పుస్తకం ఇచ్చింది. "మీరే తినాలమ్మా" అని మూడుసార్లు చెప్పింది. పాపం, చదువుకున్న పిల్ల, మూడుసార్లు చాలనుకుంది.

ఆరు నెలలయ్యాక వచ్చి, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి ఐదుసార్లు లేవమంది. అక్క రెండోసారికే ఆగిపోయింది. పుస్తకంలో మాత్రం ఒక్క టిక్కూ తప్పలేదు. "మీకు గుడ్డు పనిచేయలేదండీ" అని అక్షయ దిగాలుపడింది.

బావకు హుషారొచ్చింది. "ఇదేం పెద్ద పనండీ" అంటూ కూర్చుని, ఐదుసార్లు చకచకా లేచాడు. డెబ్బై ఆరేళ్ళ మనిషి.

"మీరేం తింటారండీ?" అంది అక్షయ.

"మామూలేనండీ. పొద్దున్నే మా ఆవిడ ఓ గుడ్డు పెడుతుంది."

నాకు ఒళ్ళు మండింది. అక్క తల దించుకుని, "ఆయన ఎదురుగా ఉండగా నేనెట్టా తింటానే? టిక్కు పెట్టకపోతే ఈ పిల్లకి మాటొస్తుందని పెట్టా" అంది. పరిశోధన దివ్యంగా ఫలించిందన్నమాట, కాకపోతే వేరే ఒంట్లో.

బావ మొహం మాడిపోయింది. మర్నాడు తనే గుడ్డు ఉడకబెట్టాడు. పక్కింట్లోంచి నేను వెళ్ళి గిన్నె తీసివ్వాల్సి వచ్చిందనుకోండి. అక్క ముందు పెట్టి, "తిను శౌరీ. వచ్చే తిరునాళ్ళకి ఎక్కుదువుగాని" అన్నాడు. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి, అబద్ధమెందుకు.

అక్క తింది. పచ్చసొన గొంతుకడ్డం పడి, "నీళ్ళు" అంది.

బావ గబుక్కున లేచి వంటగది గుమ్మం దాకా వెళ్ళి, "గ్లాసులెక్కడుంటాయి?" అన్నాడు.

అక్క దగ్గుతూనే, రెండు చేతులూ కుర్చీకి మోపి, లేచింది.