ఆ ఏడుపు ఆ ఇంటిది

మొన్న బీపీ గోలీల కోసం కంపెనీ దవాఖానకు పోయి, కిటికీ ముందు బల్ల మీద నా వంతు కోసం కూచున్నప్పుడు, పక్కన ఇద్దరు ఆడవాళ్ళు ఒకే ఫోనులో తల దూర్చి ముసిముసిగా నవ్వుకుంటున్నారు. ఫోనులో ఎవరో పిల్లవాడు ఏడుస్తున్నాడు. ఈ రోజుల్లో ఫోనుల్లో ఏడ్చే పిల్లలకు కొదవేముంది అని నేను మొదట పట్టించుకోలేదు గాని, ఊపిరి అందక ఒక్క క్షణం ఆగి, ముక్కు ఎగబీల్చి, మళ్ళీ అందుకునే ఆ తీరు నా చెవికి బాగా తెలిసిన తీరు. వంగి చూస్తే నా మనవడే. వెనక ఉన్నది మా ఇంటి గోడే, మా ఇంటి బీరువానే. నేనెవరో తెలియని ఆ పక్కనామె ఫోను నా వైపు తిప్పి, "సూడు అవ్వా, పోరడు ఎంత మంచిగ ఏడుస్తున్నడో" అంది.

గోలీలు తీసుకోకుండానే లేచి వచ్చాను. ఆటో పట్టుకుని నేరుగా ఇంటి దారి పట్టాను.

ఆ వీడియోలో ఏముందో చెప్పడానికి కూడా నోరు రావడం లేదు గాని, చెప్పకపోతే నా కోపం మీకు అర్థం కాదు. మా దిక్కున బొగ్గు గనిని బాయి అంటాం. నా కొడుకు ఆ బాయిలోనే డ్యూటీ చేస్తాడు, మా ఇంటాయన ఆరోగ్యం చెడి పనికి అన్‌ఫిట్ అయితే ఆయన ఉద్యోగం వాడికి వచ్చింది. ఆ వీడియోలో మా కోడలు ఆరేళ్ళ పిల్లవాణ్ణి ముందు నిలబెట్టి, బాయిలో కప్పు కూలింది, మీ డాడీ ఇక రాడు అని చెబుతుంది. వాడు ముందు నవ్వాడు. తర్వాత తల్లి ముఖం చూశాడు. ఆ తర్వాత వాడు ఏడ్చిన ఏడుపు నేను మళ్ళీ తలుచుకోలేను. ఏడ్చి ఏడ్చి కింద పడ్డాక వంటింటి తలుపు వెనక నుంచి నా కొడుకు నవ్వుకుంటూ దూకాడు. పిల్లవాడు చిన్న పిడికిళ్ళతో తండ్రిని గుద్ది గుద్ది, మళ్ళీ ఆ మెడనే కరుచుకున్నాడు. అది చూసి లోకమంతా గుండె బొమ్మలు పెట్టిందట. నేను రామకృష్ణాపూర్‌లో మా చెల్లెలింటికి పోయిన వారంలో తీశారు ఇది. వాడు చిందులేసినవీ, అన్నం తిననని మారాం చేసినవీ అంతకు ముందు పెట్టేవాళ్ళు, వాటికి పైసలు కూడా వస్తాయంటే కాలం ఇట్లా ఉంది కాబోలు అనుకుని ఊరుకున్నదాన్ని.

ఇంటికి వచ్చేసరికి నా కొడుకు నైట్ షిఫ్టు చేసి పడుకుని ఉన్నాడు. షిఫ్టు దిగి పడుకున్న మనిషిని లేపకూడదని పుట్టినప్పటి నుంచి నేర్చుకున్న నేను, ఆ రోజు వాని దుప్పటి లాగి లేపాను. నేను ఎంత అరిచినా వాడికి నేను దేని గురించి అరుస్తున్నానో చాలాసేపు అర్థం కాలేదు, అర్థమయ్యాక నవ్వాడు.

"అందరు చేస్తలేరానే అవ్వా? వాడు జరసేపు ఏడ్సిండు, తర్వాత ఐస్‌క్రీం తిన్నడు. ఇది గిట్లనే నడిస్తే నేను బాయి ఇడిసిపెడ్త. నేను రోజు బాయిల దిగుడు నీకు మంచిగనిపిస్తున్నదా?"

వాడు పొద్దున లేచి టోపీ లైటు పెట్టుకుని కిందికి దిగే ప్రతి రోజూ, తిరిగి వచ్చేదాకా నేను గేటు దిక్కే చూస్తుంటానని వాడికి తెలుసు, తెలిసే ఆ మాట అన్నాడు. బాయి నుంచి బయటపడాలని వాడు అనుకోవడంలో తప్పు లేదు. కాని నా కోపం అక్కడ కరగలేదు, ఇంకా పెరిగింది.

"బాయి ఇడిసిపెట్టు బిడ్డా, నాకు సంతోషమే. కాని దాన్ని తీస్కచ్చి పోరని నెత్తి మీద కూలగొడ్తివి గదరా" అన్నాను.

మా కోడలు మంచిదే, నాకు ఏనాడూ ఎదురు చెప్పలేదు. ఆ రోజు మాత్రం కూరగాయలు కోస్తూ, తల ఎత్తకుండా ఒక మాట అంది. "మీ కాలంల ఫోన్లు లేవు గాని అత్తమ్మా, ఉంటే మీరు తియ్యకపోదురా?"

అప్పటి నుంచి ఆ ప్రశ్న నన్ను పట్టుకుని వదలలేదు. నాకు చదువు అయిదో తరగతితోనే ఆగింది, ఏ పుస్తకంలో ఏముందో తెలియదు, కాని కళ్ళతో చూసింది మరచిపోవడం నాకు చేతకాదు. నా ఈడు వాళ్ళు, ఈ బొగ్గు గాలిలో పెరిగిన వాళ్ళు, నేను చెప్పేది నిజమో కాదో మీరే చెప్పండి.

మాది మంథని దిక్కు పల్లె. పొలం నమ్ముకుంటే కడుపు నిండక మా బాపు గోదావరిఖని వచ్చి, తట్ట, చెమ్మసు అనే పెద్ద పార పట్టుకుని బొగ్గు నింపే ఫిల్లరు పనిలో చేరాడు. కంపెనీ వాళ్ళు ఇచ్చిన రెండు గదుల క్వార్టరు, అట్లాంటివే ఒక లైను పొడుగునా. ఆ గోడలు ఎంత పలుచన అంటే, పక్కింట్లో ఎవరు దగ్గుతున్నారో, ఎవరింట్లో పప్పు పోపు మాడిందో, ఏ ఆలుమగలు మాట్లాడుకోవడం మానేశారో లైను లైనంతటికీ తెలిసేది. దాచుకోవడానికి చోటే లేదు. అట్లాంటి చోట ఒక పద్ధతి ఉండేది, ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో ఎవరికీ తెలియదు.

వేళ కాని వేళ సైరను మోగిందంటే బాయిలో ఏదో ప్రమాదమే, ఆడవాళ్ళలో సగం మంది బాయి దిక్కు ఉరికేవాళ్ళు. మిగతా సగం మంది పిల్లల మీద పడేవాళ్ళు. ఆడుకుంటున్న వాళ్ళను, బడి నుంచి వస్తున్న వాళ్ళను, బోరింగు దగ్గర నీళ్ళతో తడిసిన వాళ్ళను, లైనులో ఉన్న పిల్లలందరినీ దొరకబట్టి చివరి ఇంట్లో తోసి తలుపు వేసేవాళ్ళు. అందరినీ అంటే అందరినీ. తండ్రి ఆ షిఫ్టులో ఉన్నవాళ్ళనూ, తండ్రి ఇంట్లో గురక పెట్టి నిద్రపోతున్నవాళ్ళనూ కలిపి. కొందరినే తీసుకుపోతే ఆ కొందరికి సంగతి తెలిసిపోతుంది గదా. ఎవరి ఇంటి మీద పిడుగు పడిందో పెద్దవాళ్ళకు ఖాయంగా తెలిసేదాకా, ఏ పిల్లా ఏడవకూడదు, ఏ పిల్లా భయపడకూడదు. అంతే ఆ పద్ధతి. చివరి ఇంట్లో ఉండే ముసలామెను మేమంతా పెద్దమ్మ అనేవాళ్ళం. ఆమె బియ్యప్పిండి ముద్దను గిన్నె లోపల సర్వపిండిగా ఒత్తి, కాల్చి, వేడి వేడిగా ముక్కలు చేసి పెడుతుంటే మేం అక్కడ గచ్చకాయలు ఆడుకునేవాళ్ళం. పెద్ద పిల్లలకు అర్థమయ్యేదేమో, కాని వాళ్ళూ చెప్పేవాళ్ళు కాదు.

నాకు ఏడెనిమిదేళ్ళ వయసులో ఒకసారి అట్లాగే సైరను మోగింది. మా బాపు, మా పక్కింటాయన ఇద్దరూ అదే షిఫ్టులో ఉన్నారు. పక్కింటి పిల్లవాడు, నేను పెద్దమ్మ ఇంట్లో ఒకే ముక్క కోసం కొట్లాడుకున్నాం, ఆమె మా ఇద్దరికీ చెరి సగం చేసి పెట్టింది. ఆ రోజు ఆమె సొంత కొడుకు కూడా బాయిలోనే ఉన్నాడని మాకు చాలా రోజుల తర్వాత గాని తెలియలేదు. ఆమె చేతిలో గిన్నె ఒక్కసారి కూడా జారలేదు.

సాయంత్రానికి మా బాపు బతికి వచ్చాడు, పెద్దమ్మ కొడుకూ వచ్చాడు. పక్కింటాయనను స్ట్రెచర్ మీద తెచ్చారు. మా అవ్వ, అంటే మా అమ్మ, మా బాపును ముందు వాకిట్లోకి రానివ్వలేదు, ఇంటి వెనక నుంచి చుట్టు తిప్పి లోపలికి తెచ్చింది. ఆయన చెయ్యి పట్టుకుని చాలాసేపు నిలబడింది గాని చప్పుడు చేయలేదు. ఆయన అన్నం తింటుంటే గిన్నె శబ్దం కానివ్వలేదు, నేను మెడకు చుట్టుకుని ఏదో అనబోతే నా నోరు మూసింది. గోడ అవతల వాళ్ళకు మా ఇంటి సంతోషం వినపడకూడదు. బతికి వచ్చిన మనిషిని కూడా దాచుకుని చూసుకున్నాం మేం.

ఇక ఫోన్లు లేని కాలం అంటుంది గదా మా కోడలు. కెమెరా వచ్చింది మా లైనుకు. మరునాడు పొద్దున పేపరాయన ఒకాయన వచ్చాడు, పెద్ద కెమెరా మెడలో వేసుకుని. చెడ్డవాడేం కాదు, చనిపోయినాయన పిల్లవాడు ఏడుస్తున్న ఫోటో వేస్తే నలుగురికి జాలి కలుగుతుంది, ఆ కుటుంబానికి ఏదైనా సాయం వస్తుంది అన్నాడు. నిజంగా వచ్చేదే కావచ్చు. కాని లైనులోని ఆడవాళ్ళు ఒక్క మాట కూడా అనుకోకుండా లేచి, ఆ పిల్లవాని చుట్టూ ఆయనకు వీపులు పెట్టి నిలబడ్డారు. వాడు లోపల వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు, బయటికి మాకు కనబడింది చీరలే. పెద్దమ్మ ఒక్కతే ఆయన వైపు తిరిగింది.

"ఆ ఏడుపు ఆ ఇంటిది బిడ్డా. నీకు ఫోటో గావాల్నంటే నా మొఖం తీస్కపో" అంది.

ఆయన కెమెరా దించుకుని పోయాడు. వాళ్ళలో సంతకం పెట్టడం వచ్చినవాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉంటారు. సాయం వద్దనుకునేంత కలిగిన ఇండ్లు కావు అవి. అయినా పిల్లవాని ఏడుపును బజార్లో పెట్టలేదు. ఇప్పుడు చెప్పండి, ఉంటే మేం తియ్యకపోదుమా?

ఇదంతా నా కొడుక్కు, కోడలికి చెప్పాను. విన్నారు. ఆ వీడియో తీసేస్తలే అన్నాడు వాడు, తీసేయలేదు. ఇంకా చాలామంది చూస్తున్నారట.

ఆ తర్వాత కొన్నాళ్ళకు, మనవడికి బడి లేని ఒక రోజు మధ్యాహ్నం ఫోను వచ్చింది. బాయిలో పై నుంచి బండ పెళ్ళ విరిగి నా కొడుకు కాలు మీద పడిందని, దవాఖానకు తీసుకుపోతున్నారని. అంతే చెప్పారు, ఎంత దెబ్బో చెప్పలేదు. మా కోడలు ఫోను చేతిలో పట్టుకునే నేల మీద కూలబడి ఏడుపు అందుకుంది. నాకేమైందో తెలియదు, కాళ్ళు వాటంతట అవే వాకిట్లోకి నడిచాయి, పిల్లలను పోగు చేయడానికి. సెంటినరీ కాలనీలో మా వీధి వీధంతా గేట్లు వేసి ఉన్నాయి. ఒక్క పిల్ల కూడా బయట లేదు. తిరిగి లోపలికి వచ్చాను.

మనవడు గది మధ్యలో నిలబడి ఉన్నాడు. తల్లి ఏడుపు చూసి వాని ముఖంలో నవ్వు. ముందు ఫ్రిజ్ మీద చూశాడు, తర్వాత బీరువా మీద చూశాడు, ఫోను ఎక్కడ పెట్టి ఉందోనని. తర్వాత వంటింట్లోకి పోయి తలుపు లాగి వెనక చూశాడు.

"డాడీ, బయటికి రా. నాకు ఎరుకే" అన్నాడు.

అక్కడ ఎవరూ లేరు. వాడు నవ్వుతూనే బాత్రూం చూశాడు, మంచం కింద చూశాడు. "ఇగ రా డాడీ" అంటున్నాడు. మా కోడలు ఏడుపు ఆపి, రెండు చేతులతో నోరు మూసుకుని వాణ్ణే చూస్తోంది. నేను వాణ్ణి ఎత్తుకుని, నిజం బిడ్డా, డాడీకి దెబ్బ తగిలింది, కాని వస్తాడు అని చెబితే, వాడు నా ముఖంలోకి కూడా అదే నవ్వుతో చూశాడు. నేను కూడా ఆ ఆటలో ఉన్నాననుకున్నాడు.

నా కొడుకు కాలికి కట్టుతో ఇంటికి వచ్చాడు. ఎముక విరిగింది, అతుక్కుంటుందన్నారు. మంచం మీద పడుకోబెట్టి, పిల్లవాడు వాని కోసం ఎక్కడెక్కడ వెతికాడో ఒక్కొక్క చోటూ చెప్పాను. వాడు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అట్లా పడుకునే ఫోను అడిగి తీసుకుని ఆ వీడియో తీసేశాడు. కాని అప్పటికే ఎవరెవరో దాన్ని తీసుకుని, తమ పాటలు తగిలించుకుని, తమ పేర్లతో పెట్టుకున్నారట. వాటిని తీయడం మన చేతిలో లేదంటున్నాడు. నా కోపం తగ్గిందా అంటే తగ్గలేదు. ఇప్పుడు ఎవరి మీద పడాలో దానికి తెలియడం లేదు, అంతే.

ఆ పలుచని గోడల మధ్య మేం పెరిగినప్పుడు, లైనంతా మమ్మల్ని చూస్తూనే ఉండేది, అయినా ఎప్పుడు ముఖం తిప్పుకోవాలో ఆ మనుషులకు తెలిసేది. అదొక ఆస్తి అని అప్పుడు మాకు తెలియదు. ఇప్పుడు ఇంటికి గేటుంది, గదికో తలుపుంది, తలుపుకో గొళ్ళెముంది. నా మనవడు మాత్రం ఆడుతూ పడి మోకాలు చీరుకుపోయినా వెంటనే ఏడవడు. ముందు తల ఎత్తి చుట్టూ చూస్తాడు. ఎవరి చేతిలోనూ ఏమీ లేదని తేలాక, ఇక ఏడవాలో వద్దో తెలియనట్టు, నెత్తురు కారే మోకాలితో అట్లాగే నిలబడతాడు.