కాళ్ళు చాపి కూర్చున్న లోవలక్ష్మి

పొద్దున పెరటి తలుపు గొళ్ళెం చప్పుడైతే నేను డికాక్షన్‌లో పాలు కలిపేదాన్ని. తలుపు తట్టడం, పిలవడం ఉండేవి కావు. లోవలక్ష్మి తనే లోపలికి వచ్చి, తడిసిన చీర అంచు పిండుకుని, వంటింటి మెట్టు మీద చతికిలబడేది. ఒంటినిండా నువ్వులనూనె, సాంబ్రాణి వాసన. అప్పటికే మా కడియంలో రెండు మూడు ఇళ్ళలో చంటిపిల్లలకి నీళ్ళు పోసి వచ్చేది. ఏ ఇంట్లో పిల్లాడికి మెడ నిలబడిందో, ఏ బాలింత పథ్యం మానేసి దొంగతనంగా ఆవకాయ తింటోందో చెబుతూ గ్లాసుడు కాఫీ తాగేది. మావారు మార్కండేయులు గారు ముందు గదిలోంచే పలకరించేవారు.

"ఏంటి లక్ష్మీ, ఇవాళ ఎన్ని తలకాయలు గుండ్రంగా చేశావు?"

"మీ తలకాయ పసితనంలో నా చేతికి దొరికుంటేనా అన్నయ్యగారూ, ఇలా కొబ్బరికాయలా ఉండేది కాదు."

ఇప్పుడు ఆయన లేరు. పోయి రెండో ఏడు నడుస్తోంది. ఆ గొళ్ళెం చప్పుడు కూడా లేదు. పని తెముల్చుకుని, లోవలక్ష్మి వీడియో కాల్ కోసం ఫోన్‌ని బియ్యం డబ్బాకి ఆనించి కూర్చుంటాను. మనకి బాగా పొద్దెక్కాక గానీ లోవలక్ష్మికి తెల్లవారదు. ఆవిడ ఉండేది ఉగాండా దేశంలో, కంపాలా అనే పట్నంలో. అక్కడ తల్లీతండ్రీ లేని పసిపిల్లల ఆశ్రమం ఒకటి ఉంది. అందులో వాలంటీరుగా పనిచేస్తోంది.

"వాలంటీరంటే ఏంటి లక్ష్మీ?" అని మొదట్లో అడిగాను.

"జీతం లేకుండా చేసేవాళ్ళంట వదినా. మనిద్దరం పుట్టిన దగ్గర్నుంచీ అదే కదా. ఇన్నాళ్ళూ పేరు తెలీలేదంతే" అని నవ్వింది.

లోవలక్ష్మిది పెద్దాపురం పక్క పల్లె. పెళ్ళై మా వెనకింటికి వచ్చింది. మొగుడు చిట్టియ్య నర్సరీల్లో మొక్కలు లారీలకి ఎక్కించేవాడు. నెమ్మదైన మనిషి. జ్వరం వచ్చి చిన్న వయసులోనే పోయాడు. వాళ్ళకి పిల్లలు లేరు. అత్తగారు మాత్రం చాలాకాలం బతికింది. ఊళ్ళో పసిపిల్లలకి నీళ్ళు పోసేది ఆవిడే. ఆవిడ చేతులు వణకడం మొదలయ్యాక ఆ పని కోడలికి వచ్చింది.

నీళ్ళు పోయడం తేలికనుకుంటారు. పీట మీద కూర్చుని రెండు కాళ్ళూ చాపి, బిడ్డని కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టి, గోరువెచ్చటి నూనెతో వీపూ పిర్రలూ రుద్ది, కాలూ చెయ్యీ సాగదీసి, సున్నిపిండితో నలిచి, ధారగా నీళ్ళు పోయాలి. నీళ్ళు ముక్కులోకి పోకూడదు. బిడ్డ ఏడవచ్చు గానీ బెదిరిపోకూడదు. లోవలక్ష్మి చేతిలో పిల్లలు ఆఖరి చెంబు పడేసరికే కళ్ళు మూసేవాళ్ళు. మా పక్క వీధి వర్షిణి కూడా అలా ఆవిడ కాళ్ళ మీద పెరిగిందే.

ఆ వర్షిణికి పెళ్ళై కంపాలా వెళ్ళింది. అల్లుడు మణిశంకర్‌కి అక్కడ రేకుల ఫ్యాక్టరీలో ఉద్యోగం. కాన్పు అక్కడే అనుకున్నారు. వర్షిణి తల్లికి మోకాళ్ళ నొప్పులు, విమానం ఎక్కలేనంది. "లక్ష్మత్తని పంపించండి చాలు" అని పిల్ల పట్టుబట్టింది. రాజమండ్రిలో పాస్‌పోర్టుకి వెళితే లోవలక్ష్మి వేలిముద్రలు మెషీను మీద పడలేదట. నూనెకీ వేణ్ణీళ్ళకీ గీతలన్నీ అరిగిపోయాయి. వేలు మార్చి వేలు పెట్టించి, తుడిచి తుడిచి ఎలాగో తీసుకున్నారు.

"భయంగా లేదా? భాష రాదు, మనుషులు తెలీదు" అన్నాను.

"పసిపిల్లలకి భాషేంటి వదినా! కడుపు నిండితే నిద్రపోతారు, నిండకపోతే అరుస్తారు. అక్కడైనా అంతేగా."

వర్షిణి కొడుక్కి నీళ్ళు పోస్తూ బాల్కనీలోంచి చూస్తే వెనక ప్రహరీ లోపల తాళ్ళ నిండా చిన్న చిన్న లంగోటాలు కనబడ్డాయట. ఒక ఇంటికి అన్ని లంగోటాలుండవని ఈవిడకి తట్టింది. ఆరా తీయిస్తే ఆశ్రమం అన్నారు. మధ్యాహ్నం పూట ఊరికే కూర్చోవడం చేతకాక, తనని అక్కడికి పంపమని వర్షిణి ప్రాణం తీసింది. ఆశ్రమం పెద్దావిడ పేరు ప్రాసీ. అందరూ సిస్టర్ అంటారు. ఆరడుగుల మనిషి. కాగితాలూ అవీ అన్నీ చూసుకుని, పోలీసుల దగ్గర విచారించుకుని మరీ రానిచ్చింది. ఎవరు పడితే వాళ్ళు వచ్చి పిల్లల్ని ముద్దాడి ఫొటోలు దిగి పోతారనీ, పోయాక పిల్లలు గేటు దగ్గర ఏడుస్తారనీ ఆవిడ బాధ. ఆ మాట నాకు నచ్చింది.

అక్కడే నకాటో ఉంది. ఏడాదిన్నర పిల్ల. వాళ్ళలో కవలల్లో రెండో ఆడపిల్లకి ఆ పేరు పెడతారట. తనతో పుట్టిన పిల్లా పోయింది, తల్లీ పోయింది. ఎవరు ముట్టుకున్నా ఊపిరి బిగబట్టి కేకలు పెట్టేది. తిండి గిన్నె అక్కడ పెట్టి అందరూ దూరంగా జరిగితేనే తినేది. చేతులు జొన్న కాడల్లా ఉండేవి.

లోవలక్ష్మి ఆ పిల్లని ముట్టుకోలేదు. దగ్గరకి కూడా పిలవలేదు. అదే గదిలో ఓ మూల గోడకి ఆనుకుని కాళ్ళు చాపి కూర్చునేది. పక్కన నూనె గిన్నె పెట్టుకుని తన కాళ్ళకే తను రాసుకునేది. ఏదో కూనిరాగం తీసేది. రోజూ అంతే.

"మీ మనిషి మా దగ్గరకి సేవ చెయ్యడానికొచ్చిందా, తన కాళ్ళు పిసుక్కోడానికొచ్చిందా అని అడుగుతున్నారు లక్ష్మత్తా, నా పరువు పోతోంది" అని వర్షిణి గునిసిందట.

ఒకరోజు నకాటో తనే పాక్కుంటూ వచ్చి నూనె గిన్నెలో వేలు ముంచింది. లోవలక్ష్మి అటు చూడలేదు. మర్నాడు మోకాలు ముట్టుకుంది. ఇంకొన్నాళ్ళకి తన పాదం తెచ్చి ఆవిడ కాళ్ళ పక్కన పెట్టింది. ఆ తర్వాత ఓ మధ్యాహ్నం దానంతట అదే వచ్చి ఆవిడ కాళ్ళ మీద బోర్లా పడుకుంది. ఆ వేళ ఫోన్లో లోవలక్ష్మి గొంతు ఇప్పటికీ నా చెవిలో ఉంది. "పడుకుంది వదినా. నేను పిలవలేదు, పడుకుంది."

పిల్ల తేరుకుంది. ఉడకబెట్టిన అరటికాయ ముద్ద అక్కడ వాళ్ళకి అన్నం లాంటిది. అది లోవలక్ష్మి చేత్తో పెడితే తినడం మొదలుపెట్టింది. బుగ్గలొచ్చాయి. ఆశ్రమం చూడ్డానికొచ్చిన వాళ్ళు "ఈ పిల్లేనా ఆ పిల్ల!" అని ముక్కున వేలేసుకున్నారు. ఆ రాత్రి పిల్లకి ఒళ్ళు వెచ్చబడింది.

ఇంక లోవలక్ష్మిని ఎవరాపగలరు? మర్నాడు సాయంత్రం వర్షిణి వంటింట్లోంచి ఎండుమిరపకాయలూ ఉప్పూ కొంగున కట్టుకుని వెళ్ళింది. పిల్ల బుగ్గన కాటుక చుక్క, అరికాలిన కాటుక చుక్క పెట్టింది. మూడుసార్లు చుట్టూ తిప్పి, "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి" అనుకుంటూ తీసుకెళ్ళి వంటశాల బొగ్గుల కుంపట్లో వేసింది. మిరపకాయల ఘాటు రేగి ఆశ్రమంలో పిల్లలూ ఆయాలూ అందరూ దగ్గుతూ బయటికి పరుగెత్తారు. సిస్టర్ ప్రాసీ వచ్చి చూస్తే, పిల్ల ముఖం మీద నల్ల చుక్క. నిప్పుల్లో ఏదో చిటపటలాడుతోంది. ఎదురుగా ఈ పరదేశపు మనిషి గొణుక్కుంటోంది.

వర్షిణిని పిలిపించారు. సిస్టర్ మాటల్ని వర్షిణి ఒక్కొక్కటీ తెలుగులో చెప్పింది.

"పిల్లలకి గుర్తులు పెట్టడం, చుట్టూ తిప్పి నిప్పులో వెయ్యడం చూస్తే మా ఊళ్ళలో తల్లులు పిల్లల్నెత్తుకుని పారిపోతారు. పిల్లల మీద చేతబడులు చేసి ప్రాణాలు తీసే వాళ్ళ గురించి విని పెరిగాం మేము. నువ్వెందుకు చేశావో నాకు తెలీదు. రేపటినుంచి పిల్లల్ని ముట్టుకోవద్దు."

"అత్తా, ఇక్కడ కూడా మొదలెట్టావా నువ్వు!" అని వర్షిణి తన వంతుగా తనూ తిట్టింది.

రెండు రోజులాగి ఫోన్ చేసి లోవలక్ష్మి నవ్వుతూనే మొదలుపెట్టింది. "వదినా, నేను మంత్రగత్తెనంట!" అని. తర్వాత ఏడ్చేసింది.

"వచ్చెయ్ లక్ష్మీ. ఎలాగూ వర్షిణి కొడుక్కి నెలలొచ్చాయి, టిక్కెట్టు తీశారు కదా. వచ్చెయ్" అన్నాను. ఆవిడ కోసమే అన్నానని చెప్పలేను. ఈ ఇంట్లో పొద్దున్నే ఒక మనిషి గొంతు వినాలని నాకుంది.

"ఆ పిల్ల మళ్ళీ అందరూ దూరంగా జరిగితేనే తింటోందంట వదినా. దాన్ని మళ్ళీ అంత దూరం జరిపేసి నేనెలా వచ్చేది?"

టిక్కెట్టు వదులుకుంది. సిస్టర్ దగ్గరకి వెళ్ళి, పిల్లల్ని ముట్టుకోని పని ఏదైనా ఉంటే ఇమ్మని వర్షిణి చేత అడిగించింది. బట్టలుతికే పని ఉందన్నారు. అది ఎవరూ ఇష్టపడి చేసేది కాదు. పిల్లల గుడ్డలు ఏ రోజువి ఆ రోజు మరిగే నీళ్ళలో వేసి ఉతకాలి. ఒక్కటి కూడా తెల్లారేదాకా ఉండకూడదని అక్కడ నియమం. వీసా సంగతి మణిశంకర్ చూశాడు. లోవలక్ష్మి ఆశ్రమంలోనే ఒక మంచం మీదికి మారింది.

ఉతుకుడు బండ దగ్గర ఎర్రమట్టి, వాన పడితే పాదాలు దిగబడతాయి. అక్కడినుంచే నాకు ఫోన్ చేసేది. సిస్టర్ మీద ఒక్క మాట అనేది కాదు. "ఆవిడ పిల్లల్ని కాపాడుకుంటోంది వదినా. కాపాడుకోవాల్సింది నా దగ్గర్నుంచి అనేసరికి కొంచెం కష్టంగా ఉంది గానీ" అనేది. అలా ఎన్ని వారాలు గడిచాయో. ఆయాల చేతిలో నకాటో మళ్ళీ చిక్కిపోతోందని మాత్రం చెప్పేది.

ఒక పొద్దున ఉతికి ఉతికి నడుం పట్టేసి, బండ పక్కన గోడకి ఆనుకుని కాళ్ళు చాపుకుని కూర్చుందట. నకాటో వరండా దిగి బురదలో పడుతూ లేస్తూ వచ్చింది. అప్పటికి నడక వస్తోంది దానికి. వచ్చి ఎప్పటిలాగే కాళ్ళ మీద బోర్లా పడుకుంది.

లోవలక్ష్మి రెండు చేతులూ పైకెత్తేసింది. ముట్టుకోవద్దన్నారు కదా! పోలీసులకి లొంగిపోయిన దొంగలా చేతులు గాల్లో పెట్టుకుని అలాగే కూర్చుంది. దించితే పిల్ల వీపు మీద పడతాయి. కదిలితే పిల్ల లేచిపోతుంది. చినుకులు మొదలయ్యాయి. భుజాలు లాగేస్తున్నాయి. కన్నీళ్ళు కారుతుంటే తుడుచుకోవడానికి కూడా చెయ్యి దించలేదు.

సిస్టర్ ప్రాసీ వరండాలోంచి చూసింది. చాలాసేపు చూసిందట. గొడుగు వేసుకుని వచ్చి ఇద్దరి మీదా పట్టి, ఇంగ్లీషులో ఏదో అంది. లోవలక్ష్మికి అర్థం కాలేదు. అప్పుడు ఆవిడే వంగి లోవలక్ష్మి చేతులు రెండూ పట్టుకుని, కిందికి దించి, పిల్ల వీపు మీద పెట్టింది.

ఆ సాయంత్రం వర్షిణిని కూర్చోబెట్టి ఇద్దరూ మాట్లాడుకున్నారు. ఆ మిరపకాయలు ఎందుకో ఇప్పుడు చెప్పమంది సిస్టర్. బిడ్డ బాగుంటే లోకం కన్ను పడుతుందని మా భయం అని ఈవిడ చెప్పింది. మా అమ్మమ్మ కూడా మా నడుముకి ఏదో తాడు కట్టేది అని ఆవిడ చెప్పింది. నవ్వుకున్నారు. అయినా సిస్టర్ మాట మార్చుకోలేదు. చుక్క వద్దు, నిప్పు వద్దు, నీళ్ళు మాత్రం తన ఎదురుగా పొయ్యమంది. లోవలక్ష్మి సరేనంది. ఇచ్చిన మాట తప్పలేదు. పిల్లని ఎవరైనా మెచ్చుకుంటే లోలోపల గింజుకునేది గానీ కాటుక జోలికి పోలేదు.

ఇప్పుడక్కడ నలుగురు ఆయాలు కాళ్ళు చాపి నీళ్ళు పోస్తారు. పిల్లలు లోవలక్ష్మిని 'జాజా' అంటారు, అంటే అమ్మమ్మ. బిడ్డని కనని మనిషికి అంతమంది మనవలు. ఉతుకుడు పని కూడా వదల్లేదు, ఆయాలతో పాటు వంతు వేసుకుంది.

పోయిన నెల నకాటో మేనత్త దొరికింది. ఆ ఆశ్రమం వాళ్ళు ప్రతి పిల్లకీ ఎవరో ఒక రక్తసంబంధం ఉండకపోతుందా అని ఊరూరా వెతుకుతారట. దూరం పల్లెలో వ్యవసాయం చేసుకునే మనిషి. పోయిన తమ్ముడికి పిల్ల మిగిలి ఉందనే ఆమెకి తెలియదు. కబురు అందగానే అరటిగెల నెత్తిన పెట్టుకుని బస్సెక్కి వచ్చేసింది. ఊళ్ళోనే మకాం పెట్టి రోజూ వచ్చి కూర్చుంటే నకాటో నెమ్మదిగా అలవాటుపడింది.

"పంపించడం ఇష్టమేనా నీకు?" అని అడిగాను.

"నా ఇష్టమేంటి వదినా. వాళ్ళ పిల్ల. ఆ మనిషి కూడా మనలాగే చాప మీద కాళ్ళు చాపుకుని కూర్చుంటుంది. చూడగానే నాకు ధైర్యం వచ్చేసింది."

నిన్న పొద్దున నకాటోకి నీళ్ళు పోసింది. కాదు, మేనత్త కాళ్ళ మీద పడుకోబెట్టి, ఆమె చేత పోయించింది. చెంబు ఎంత ఎత్తున పట్టుకోవాలో, మెడ కింద చెయ్యి ఎలా ఉండాలో చూపించింది. ఆఖరి చెంబు పడేసరికి పిల్లకి నిద్రొచ్చింది. తువ్వాల్లో చుట్టి తుడిచి, కొత్త గౌను తొడిగి, నిద్రలోనే మేనత్త వీపుకి కట్టేశారు. బస్సు కదిలేదాకా లేవలేదట.

మధ్యాహ్నం లోవలక్ష్మి ఫోన్ చేసింది. బండ దగ్గర కూర్చుంది. వెనక తాడు మీద గుడ్డలన్నీ ఆరేసి ఉన్నాయి. ఒళ్ళో పొద్దున నకాటోకి చుట్టిన తువ్వాలు.

"అన్నీ ఉతికేశాను వదినా. ఇదొక్కటే మిగిలింది. నీళ్ళు కాగుతున్నాయి. వెయ్యాలి" అంది. వెయ్యలేదు. "నూనె వాసన ఇంకా అలాగే ఉంది" అంది.

మావారు పోయిన పదకొండో రోజున ఆయన బట్టలన్నీ మావాళ్ళు మూటగట్టి ఎవరికో ఇచ్చేశారు. ఆయన జేబు రుమాలు తలగడ కింద ఉంటే అది కూడా వెతికి తీసి, ఉతికి మరీ ఇచ్చారు. ఆ సంగతి లోవలక్ష్మికి తెలుసు. మూట కడుతుంటే నా పక్కనే ఉంది.

"ఉతక్కు లక్ష్మీ" అన్నాను.

"నియమం కదా వదినా. సిస్టర్ అడుగుతుంది."

"అడగనీ."

లోవలక్ష్మి లేచి, పొయ్యి మీద మరుగుతున్న నీళ్ళు దించి, చల్లారడానికి పక్కన పెట్టింది. తువ్వాలు మడతపెట్టి జాకెట్టు లోపల దోపుకుంది.