ఎత్తే పలకను ఎవరు తట్టి చూస్తారు

కొత్తగా లేచే భవనాలకు మా ఆయన పరంజా కట్టేవారు. పనిలో అందరూ ఆయన్ని టకటక బావ అని పిలిచేవాళ్ళు. ఏ పలక మీద కాలు పెట్టాలన్నా ముందు మడమతో టకటకా కొట్టి, చప్పుడు విని, ఆ తర్వాతే బరువు మోపేవారు. ఇంట్లోనూ అంతే. అటక మీది డబ్బా కోసం నేను స్టూలు ఎక్కబోతే ముందు దాన్ని తట్టి చూసేవారు.

"స్టూలు గట్టిదే. నీ బరువుకే నా భయం."

"ఇన్నాళ్ళూ నన్ను మోసింది స్టూలే లెండి, మీరు కాదు."

సేఫ్టీ బెల్టు కొక్కెం పైపుకు తగిలించనిదే అంచుకు వెళ్ళేవారు కాదు. తనతో పాటే పనిచేసే తమ్ముడు మరిచిపోతే, "కొక్కెం వెయ్యని బెల్టు ప్యాంటు జారకుండా ఉండటానికేరా!" అని అరిచేవారు.

అంత జాగ్రత్త మనిషి పైనుంచి పడి చనిపోయారంటే నేను నమ్మలేదు. పక్కనే ఉన్న మరిది చెప్పాకే తెలిసింది. నాలుగో అంతస్తులో లిఫ్టు కోసం కింది దాకా గొయ్యి వదిలారు. దాని మీద ఒక ప్లైవుడ్ పలక పరిచారు. రేపో మాపో తీసి వాడుకునేదే కదా అని మేకులు కొట్టలేదు. కింద గొయ్యి ఉందని పైన రాయనూ లేదు. మా ఆయన ఆ అంతస్తుకు కొత్త. ఎవరో పని అయ్యాక వదిలేసిన పలక అనుకున్నారు. రెండు చేతులా ఎత్తి ముందు పట్టుకున్నారు. పలక కళ్ళకు అడ్డం వచ్చింది. ఒక్క అడుగు ముందుకు వేశారు.

ఎక్కే పలకైతే తట్టి చూసేవారే. ఎత్తే పలకను ఎవరు తట్టి చూస్తారు? అంచుకు దూరంగా ఉన్నాననుకున్నారు కాబట్టి కొక్కెమూ వెయ్యలేదు.

కొన్నాళ్ళకు మేస్త్రి ఇంటికి వచ్చాడు. చెడ్డవాడేం కాదు. కుర్చీ వేసినా కూర్చోలేదు.

"రాసిపెట్టి ఉంది చెల్లెమ్మా, మన చేతుల్లో ఏముంది? మీ మరిదిని సోమవారం నుంచి పంపు. స్లాబు పని ఆగిపోయింది."

"ఆ గొయ్యి మూశారా అన్నయ్యా?"

"మూశాం. పలక వేశాం."

"మేకులు?"

మేస్త్రి మరిది వైపు చూశాడు. మరిది నేల వైపు చూశాడు.

ఇంట్లో ఇక మరిది సంపాదనే దిక్కు. పనికి పంపకపోతే పొయ్యి వెలగదు. ముందు నుయ్యి వెనక గొయ్యి అని అందరూ మాటవరసకు అంటారు. మాకు గొయ్యి నిజంగానే ఉంది.

సోమవారం మరిదితో పాటు నేనూ బయల్దేరాను. గేటు దగ్గర వాచ్‌మన్ నా నెత్తిన హెల్మెట్ పెట్టి గాని లోపలికి వదల్లేదు. పైకి వెళ్ళి ఆ కొత్త పలక మూల పట్టి చూశాను. ఇట్టే లేచింది. దించేసి దాని పక్కనే చతికిలబడ్డాను.

"లే వదినా, అందరూ చూస్తున్నారు."

"చూడనీ. ఇక్కడ గొయ్యి ఉందనైనా తెలుస్తుంది."

సిమెంటు తట్ట మోసుకొస్తున్న ఒకామె ఆగి, "మేస్త్రీ, ఈవిణ్ణి లేపడం కన్నా మేకులు కొట్టడమే తేలిక!" అంది.

అందరూ నవ్వారు. మేస్త్రి నవ్వలేదు. సుత్తి అడిగి తీసుకుని తనే మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అన్ని మూలలా మేకులు దిగ్గొట్టాడు. కింద గొయ్యి ఉందని పలక మీద ఎర్ర రంగుతో రాయించాడు. చుట్టూ పైపులతో కంచె కట్టమని మరిదికి పురమాయించాడు.

"మిగతా అంతస్తులవో?"

"అవీ ఇవాళే చెల్లెమ్మా. అన్నీ అయ్యాకే స్లాబు."

అప్పుడు లేచాను. మరిది పైపులు తేవడానికి వెళ్తుంటే వద్దనలేదు.

దిగేటప్పుడు చూస్తే మెట్లకు ఒక పక్కంతా ఖాళీ, పట్టుకోవడానికి ఒక కర్రయినా లేదు. గోడకు చెయ్యి ఆనించి మెల్లగా దిగాను. కింద నిలబడి, ఆ సంగతి కూడా మేస్త్రికి వినబడేలా పైకి కేకేసి చెప్పి, ఇంటికి వచ్చేశాను.