రేకు చెప్పదండి

రాజబాబు గారు గొడుగు ఇంట్లో వేసుకుంటారు, వీధిలో మడిచి చంకలో పెట్టుకుంటారు. కొత్తపేట నుంచి పలివెల దాకా ఆయన్ని ఎరగనివాళ్ళు ఉంటారేమో గానీ ఆ గొడుగును ఎరగనివాళ్ళు లేరు. కుండపోతగా వాన పడుతున్నా రోడ్డు మీద తడుస్తూనే వస్తారు. గుమ్మం దాటి లోపలికి అడుగు పెట్టగానే టప్పున గొడుగు తెరుస్తారు. అదేంటండీ అని అడిగినవాళ్ళకి ఒకటే సమాధానం.

"వాన చెప్పి వస్తుందండి, మబ్బేసుకుని. రేకు చెప్పదండి."

ఈ మాట ఆయన భార్య సత్యనారాయణమ్మ గారు నిద్దట్లో కూడా అప్పజెప్పగలరు. పెళ్ళయిన కొత్తలో ఈయన మామూలు మనిషే. ఆయన్ని ఇలా చేసింది వాళ్ళ బెల్లం పాక. తాతల నాటి నుంచి ఆ పాకకు తాటాకు కప్పే ఉండేది. చెరుకు రసం పెనంలో మరుగుతుంటే ఆవిరి ఆకు సందుల్లోంచి తన దారిన తాను పోయేది. పక్కవాళ్ళు రేకులు వేయించుకున్నారని మూడేళ్ళ క్రితం ఈయనా వేయించారు. కాకి దూరకూడదు, బల్లి దూరకూడదు అంటూ ఎక్కడా సందు లేకుండా బిగించారు. కాకులు లోపలికి రాలేదు సరే, ఆవిరి కూడా బయటికి పోలేదు. చలికాలం పొద్దున్న చల్లటి రేకుకు తగిలి, నీళ్ళయిపోయి, తుప్పు రంగు కలుపుకుని, ఆరబెట్టిన బెల్లం దిమ్మల మీద చుక్కచుక్కగా కారింది. దిమ్మకో పుట్టుమచ్చ తేలింది.

మచ్చ పడ్డ బెల్లం ఆయన అమ్మరు. "ఎవరింటి పరమాన్నంలోకి వెళ్తుందో ఏంటో" అని గేదెలకు పెట్టేస్తారు. ఆ ఏడాది నుంచి వాళ్ళ గేదెలు ఉత్త కుడితి పెడితే మొహం తిప్పుకుంటున్నాయి.

అప్పటి నుంచి రాజబాబు గారికి ఏ కప్పు మీదా నమ్మకం లేదు. అమలాపురంలో మరదలు భవానీదేవి కొత్త ఇల్లు కట్టుకుంటే చూడ్డానికి వెళ్ళి, హాల్లో సోఫాలో కూర్చుని గొడుగు తెరిచారు.

"బావగారూ, ఇది స్లాబండి," అంది భవానీదేవి.

"ఆయ్, స్లాబే. కానీ వంటింట్లో అన్నం ఉడుకుతోంది కదమ్మా."

అక్కడితో ఊరుకున్నారా? వంటింట్లోకి వెళ్ళి గిన్నె మీద మూత ఎత్తి అందరినీ పిలిచారు. "చూసేరా, మూత లోపల ఎన్ని నీళ్ళో. ఇల్లంటే పెద్ద గిన్నె. కప్పంటే మూత." ఎవరికైనా అర్థం కాలేదేమోనని మళ్ళీ మళ్ళీ ఎత్తి చూపించారు. ఆ మధ్యాహ్నం అందరూ పలుకు అన్నం తిన్నారు. ఆయన అడుగు పెట్టిన ఇంట్లో అన్నం ఉడకదని చుట్టాల్లో ఖాయమైపోయింది. రావద్దని ఎవరూ అనరు, అంత మర్యాద తప్పినవాళ్ళు కారు. ఆయన వస్తున్నారంటే టిఫిన్ చేస్తారు. ఇడ్లీ పాత్రకీ మూత ఉంటుంది కాబట్టి అట్లు పోస్తారు.

సత్యనారాయణమ్మ గారు సిగ్గుతో చచ్చిపోయేవారు. అక్కడికీ గొడుగును రెండుసార్లు దాచారు. ఆయన వంటింట్లోంచి పళ్ళెం తెచ్చి నెత్తి మీద పెట్టుకుని కూర్చున్నారు. దానికంటే గొడుగే నయమని ఆవిడే తెచ్చిచ్చేశారు.

ఈ చలికాలంలో దుర్గాశ్రీకి కష్టం వచ్చి పడింది. ఆమెది వాళ్ళ వీధి చివరి ఇల్లు. కువైట్‌లో ఇంటిపని చేస్తూ, పాపను వదిలి ఉండలేక తిరిగొచ్చేసి, పెరట్లో చిన్న రేకుల షెడ్డు వేసుకుని పూతరేకులు చేస్తోంది. ముమ్మిడివరం శివప్రసాద్ గారి అమ్మాయి పెళ్ళి సారెకి మొదటిసారి పెద్ద ఆర్డరు వచ్చింది. అది నిలబడితే ఊళ్ళో ఉండొచ్చు, పోతే మళ్ళీ కువైటే. ఏజెంటు అప్పటికే ఫోన్లు చేస్తున్నాడు. తీరా చూస్తే, వేడి కుండ మీద పిండి పొర పలచగా లేచే వేళకి పైనుంచి నీటిచుక్క పడి చిల్లు పెట్టేస్తోంది.

రాజబాబు గారు రోజూ వెళ్ళి ఆ కుండకు గొడుగు పట్టడం మొదలుపెట్టారు. కాసేపు బాగానే ఉంది. తర్వాత కుండలోంచి వచ్చే సెగకి ఆవిరంతా గొడుగుకే పట్టింది.

"బాబాయ్ గారూ, ఇప్పుడు గొడుగులోంచి పడుతున్నాయండి," అంది దుర్గాశ్రీ.

మూడేళ్ళుగా నమ్ముకున్న గొడుగు. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూశారు. "అయితే దీనికో గొడుగు పట్టాలా అమ్మా?" అన్నారు దిగులుగా.

ఆ దిగుల్లోనే అసలు మందు తట్టింది. రేకుల కింద కొబ్బరాకు తడికలు కట్టేస్తే ఆవిరికి చల్లటి రేకు తగలదు. పైన రేకులు కలిసేచోట జానెడు సందు తెరిస్తే లోపలి ఆవిరి బయటికి పోతుంది. ఇంటికి పరిగెత్తుకొచ్చి భార్యకు చెప్పారు. మన పాక బాగుపడితే ఈ గొడుగు పీడ వదులుతుందని సత్యనారాయణమ్మ గారు ఆ పూటే ఆకు తెప్పించి అల్లడానికి కూర్చున్నారు. ఈనెలు గుచ్చుకుని వేళ్ళు వాచాయి. అయినా వదల్లేదు. పాత చీర అంచులు చింపి మరీ అందంగా ముడులు వేశారు. గొడుగును గోదాట్లో ఏ రేవు నుంచి కలపాలో కూడా అనుకున్నారు.

తడికలు కట్టించేశానని ఆయన చెప్పాక, బెల్లం వండే రోజు పొద్దున్నే ఆవిడ కాఫీ పట్టుకుని గర్వంగా పాకలోకి వెళ్ళారు. కాఫీలో టప్పున చుక్క పడింది. తలెత్తి చూస్తే బోడి రేకులు. కింద ఆయన దిమ్మల మీద గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నారు.

"తడికలేవండీ?"

"ఎలకలు కొట్టేసేయి."

"అన్నీనా?"

"ఆయ్. పెద్ద ఎలకలు."

"మరి మన నిచ్చెనేదండీ?"

"అది కూడా..." అని ఆయన గొడుగు కాస్త కిందికి దించి మొహం దాచుకున్నారు.

సత్యనారాయణమ్మ గారికి ఒళ్ళు మండిపోయింది. నిచ్చెన తినే ఎలకను చూసి తీరాలని వీధిలో పడ్డారు. ఎంతో దూరం వెళ్ళక్కర్లేకపోయింది. దుర్గాశ్రీ షెడ్డుకి ఆనించి నిచ్చెన కనబడింది. లోపల పొయ్యికి బాగా ఎత్తున, రేకుల కింద, ఆవిడ తడికలు. ఆవిడ చీర అంచుల ముడులు. కుండ మీద నుంచి పొరలు చిల్లనేది లేకుండా లేస్తున్నాయి. విరిగిన ముక్కల కోసం పాప పక్కనే కాచుకుని కూర్చుంది, ఒక్కటీ విరగడం లేదు.

దుర్గాశ్రీ గబగబా లేచి ఆవిడ చేతులు పట్టుకుంది. "పిన్ని గారూ, నాకోసం అల్లి వేళ్ళు వాచిపోయేయంటండి. బాబాయ్ గారు చెప్పేరు. 'మీ పిన్ని పంపిందమ్మా, మాకు పాడైతే గేదెలు తింటాయి, నీకు పాడైతే పిల్లని వదిలి పోవాలి' అన్నారండి. శివప్రసాద్ గారు ఇందాకే వచ్చి చూసి ఆర్డరు ఖాయం చేసేసేరు. ఏజెంటుకి ఇంక ఫోన్ చెయ్యొద్దని చెప్పేసేనండి."

సత్యనారాయణమ్మ గారు కోపం తెచ్చుకుందామని చూశారు గానీ రాలేదు. "ఆయ్, నేనే పంపేనమ్మా," అన్నారు. అన్నాక అది నిజమే అనిపించి చాలా సంతోషపడ్డారు.

తిరిగి పాకకి వచ్చేసరికి ఆయన ఇంకా గొడుగు కిందే ఉన్నారు.

"ఎలక దొరికిందండి," అన్నారావిడ.

"ఏ ఎలక?"

"గొడుగేసుకున్న ఎలక. నాతో ఒక్క మాట చెప్తే కాదంటానా?"

"నీ వేళ్ళు చూసేక అడగడానికి నోరు రాలేదు," అన్నారాయన రేకుల వంక చూస్తూ.

"ఊరందరికీ రేకు చెప్పదు, రేకు చెప్పదు అంటారు. మీకంటే ఆ రేకే నయమండి. పడేముందు చుక్క కాస్త మెరుస్తుంది."

అంటూనే మిగిలిన కొబ్బరాకులు లాక్కొచ్చి, పీట వేసుకుని, మళ్ళీ మొదటి తడిక మొదలుపెట్టారు. "గొడుగు ఇటు పట్టండి, నా మీద పడుతోంది."

ఆయన గొడుగు ఆవిడ మీదికి జరిపారు. మరుక్షణం ఆయన బట్టతల మీద టప్పున చుక్క పడింది.

"రేకు చెప్పలేదా అండీ?" అన్నారావిడ, తలెత్తకుండా అల్లుకుంటూ.