రాక్షసి వేషం వేసిన పిల్ల

అరబ్బు దేశంలో, సల్వా అనే చోట నేను వంట చేసే ఇంట్లో, పిల్లల్ని చూసుకోవడానికి ఒక ఫిలిప్పీన్స్ అమ్మాయి ఉండేది. నాకంటే చాలా చిన్నది. వాళ్ళ భాషలో అక్కను ‘ఆతే’ అంటారట, నన్ను అలాగే పిలిచేది. ఆమెకు తెలుగు రాదు, నాకు ఆమె భాష రాదు. వచ్చీరాని అరబ్బీలోనే మా కబుర్లన్నీ.

శుక్రవారం మధ్యాహ్నం మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, పిల్లల్ని తీసుకుని ముబారక్ అల్ కబీర్‌లోని పుట్టింటికి వెళ్ళేది. ఆ పూట వంటిల్లు మా ఇద్దరిదే. అలాంటి ఒక శుక్రవారం నేను కొత్తిమీర తుంచుతుంటే, "ఆతే, నేను సినిమాలో చేశాను, తెలుసా?" అంది. నేను నమ్మలేదు. ఫోన్ తీసి పిండి డబ్బాకు ఆనించి పెట్టింది.

పెద్ద సినిమా ఏమీ కాదు. వాళ్ళ ఊరి అరటితోటల్లో, తలా కొంచెం డబ్బు వేసుకుని తీసింది. చీకటికి దొర ఒకడు లోకాన్ని మింగేయాలని చూస్తుంటాడు. తెల్లబట్టల దేవత కత్తి పట్టుకుని వాడికి అడ్డం నిలబడుతుంది. కత్తికి అతికించిన వెండి కాగితం ఒక మూల ఊడి వేలాడుతూ కనిపిస్తూనే ఉంది. ఈ అమ్మాయిది ఆ దొర పంపే రాక్షసి వేషం. నడుము దగ్గర రెండుగా తెగి, పైసగం రెక్కలు కట్టుకుని ఎగిరిపోతుంది. నిండు చూలాలి ఇంటి కప్పు మీద వాలి, సందులోంచి పొడవాటి నాలుక దించి కడుపులో బిడ్డను పీల్చేస్తుంది. అలాంటిది నిజంగానే ఉందని వాళ్ళ పల్లెల్లో ముసలివాళ్ళు ఇప్పటికీ చెబుతారట.

రెక్కలు పాత గొడుగుల గుడ్డతో కుట్టారు. నెత్తురేమో చక్కెర పాకంలో ఎర్రరంగు. దానికి చీమలు పట్టి తన మెడంతా దద్దుర్లు లేచాయని చెప్పి పడీపడీ నవ్వింది.

"దేవత వేషం నీకెందుకు ఇయ్యలేదు?" అని అడిగాను.

ముంజేతిని చూపించింది. "నలుపు కదా, ఆతే. వాళ్ళకొక తెల్లపిల్ల దొరికింది. పాపం, మాట తిరగక ఒకే ముక్క మళ్ళీ మళ్ళీ చెప్పేది. నేనైతే ఒక్కసారికే చచ్చిపోయాను."

ఊళ్ళో తెర కట్టి ఆ సినిమా వేసిన రోజు, దేవత కత్తి దిగి కూతురు కూలిపోగానే వాళ్ళమ్మ కుర్చీలోంచి లేచి బోరుమందట. పక్కనే కూర్చున్న కూతురు చెయ్యి పట్టుకుని చూపించినా ఏడుపు ఆపలేదట.

ఇదంతా జరగడానికి కొన్ని నెలల ముందు మామాకు గర్భం పోయింది. నెలలు నిండబోతుండగా పోయింది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆమె గదిలోకి ఎవరినీ రానివ్వలేదు, ఈ అమ్మాయిని తప్ప. తల దువ్వింది, ఒళ్ళు తుడిచింది, అల్లం వేసి మెత్తగా కాచిన గంజి చెంచాతో తాగించింది ఈ పిల్లే. "నా సొంత చెల్లెలు కూడా ఇంతగా చూడలేదు" అని మామా నాతోనే అంది.

ఇంటి పెద్దపిల్ల ఒకరోజు మంచినీళ్ళకు వచ్చి ఆ సినిమా చూసింది. తన ఆయా సినిమాలో ఉందంటే దాని సంబరం అంతా ఇంతా కాదు. తరువాతి శుక్రవారం అమ్మమ్మ ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి టీవీలో పెట్టింది. గొడుగుల రెక్కలు చూసి పిల్లలంతా విరగబడి నవ్వారట. ఇంటి కప్పు మీద నాలుక దించే చోటు వచ్చాక, మామా చెల్లెలు టీవీ కట్టేసింది.

ఆ రోజు వాళ్ళు తొందరగా తిరిగొచ్చారు. మామా, ఆమె చెల్లెలు నేరుగా ఆ అమ్మాయి గదిలోకి వెళ్ళారు. పరుపు తిరగేశారు, పెట్టె బోర్లించారు. కడుపునొప్పికి రాసుకోమని వాళ్ళమ్మ పంపిన కొబ్బరినూనె సీసా దొరికింది, లోపల ఏవో వేళ్ళు, పుల్లలు. చెల్లెలు దాన్ని చేతిగుడ్డతో పట్టుకుని "సిహిర్" అంది. చేతబడి అని.

నేను అడ్డం వెళ్ళాను. "మామా, అది సినిమా. వేషం. ఇస్తే ఎవరైనా వేస్తారు."

"మరి ఆ వేషం దానికే ఎందుకిచ్చారు?" అంది మామా.

"ఒళ్ళు నలుపని."

చెల్లెలు నన్ను పైనుంచి కిందికి చూసింది. "నీదీ నలుపే. పోయి పొయ్యి చూసుకో."

ఆ అమ్మాయి మామా వైపు తిరిగి, "నీకు గంజి తాగించింది నేనే కదా, మామా" అంది. ఆ ఒక్క మాటే ఆమె కొంప ముంచింది. మామా చెయ్యి తన కడుపు మీదికి పోయింది. "అందులో ఏం కలిపావు?" అని చెల్లెలు అరిచింది. గంజి తాగింది బిడ్డ పోయిన తరువాత. అది చెప్పాను. ముందూ వెనకా ఎవరికీ పట్టలేదు.

మామాను చెడ్డదని అనలేను. ఆమె ముఖం నాకు ఇంకా గుర్తుంది. పోయిన బిడ్డకు కారణం ఎవరూ చెప్పని మనిషికి, చివరికొక కారణం దొరికింది. దాన్ని వదలడానికి ఆమెకు చేతులు రాలేదు.

ఇంటాయన వచ్చి "సినిమాకు ఇంత గొడవా?" అని మొదట కసురుకున్నాడు. అదుంటే నేనీ ఇంట్లో ఉండనని మామా అనేసరికి మెత్తబడ్డాడు. "పోలీసుల దాకా వద్దు. దాన్ని పనికి పంపిన ఆఫీసుకు అప్పజెప్పేస్తాను, వాళ్ళే విమానం ఎక్కిస్తారు. ఖలాస్" అన్నాడు. గొప్ప దయ చేసినట్టుంది ఆ మాట.

మరునాడు పొద్దున డ్రైవరు భాయ్ బండి తీశాడు. ఆయన మా కడప వైపు మనిషి. పెద్దపిల్ల కిందికి పరుగెత్తుకొస్తుంటే మెట్ల మీదే పిన్ని పట్టేసుకుంది. ఆ అమ్మాయి నా చేయి గట్టిగా పట్టుకుని వదిలింది.

భాయ్ తిరిగొచ్చాక అడిగాను. "దోవలో ఏమన్నది భాయ్?"

"ఎగైలా ఊరి కాడికి పోయినంక మా, చిన్నోడికి అన్నం మెత్తగా పిసికి పెట్టకుంటే తినడంట, నీకు చెప్పమన్నది."

"ఇంత అన్యాయం యాడన్నా ఉందా భాయ్? నేను మళ్లీ పోయి అడుగుతా."

"మెల్లగా మాట్లాడు మా. నువ్వు అడిగితే ఏమైతది? నిన్నూ పంపిస్తరు. ఈడ ఉండేదానికి ఇచ్చే మన ఇఖామా కాగితం గూడా వాళ్ళ చేతిలోనే ఉండె."

అయినా అడిగాను. మామా వినలేదు. నెల తిరక్కుండా ఇంకో దేశం నుంచి ఇంకో ఆయా వచ్చింది. వచ్చిన రోజే ఆమె ఫోన్ తీసుకుని, అందులో ఉన్నవన్నీ చెల్లెలు చూసింది.

తరువాతి ఏడు మామాకు మళ్ళీ కడుపు నిలిచింది. మగబిడ్డ. చూడడానికి వచ్చిన వాళ్ళకు నేను పెద్ద డేగిశాల్లో మచ్బూస్ వండాను, మాంసంతో అన్నం. పళ్ళేలు అందిస్తుంటే చెల్లెలు పక్కావిడతో, "చూశావా, దాన్ని తరిమేశాకే ఇంట్లో బిడ్డ నిలిచింది" అంది. పక్కావిడ తలూపింది. మామా వింటూ బిడ్డ దుప్పటి సర్దుకుంది.

ఆ వారంలోనే నా ఫోన్‌కు మాట రికార్డు చేసి పంపింది ఆ అమ్మాయి. పెద్దపిల్ల దొంగచాటుగా ఆమెకు కబురు చేసిందట. "ఆతే, మామాకు బాబు పుట్టాడటగా! దేవుడు చల్లగా చూశాడు. పాలు బాగా పడుతున్నాయా? తను తింటోందా?" అని అడిగింది. ఊళ్ళో చేపలు అమ్ముకుంటోందట. సినిమావాళ్ళు ఇంకోటి తీస్తూ పిలిస్తే పోలేదట.

చెల్లెలి మాటలు ఆమెకు చెప్పలేదు. తల్లీ బిడ్డా బాగున్నారని చెప్పి, చపాతీ పిండి కలపడానికి లేచాను.