నేనివ్వని ఒక ఠావు

1985 డిసెంబరు. నూజివీడు నుంచి విస్సన్నపేట వెళ్ళే రోడ్డు మీద, రెండు పక్కలా మామిడి తోటలున్న ఒక ఊరి హైస్కూల్లో నేను అటెండరుని. బడి పేరు రాయను. అక్కడ పనిచేసినవాళ్ళు కొందరు ఇంకా ఉన్నారు, తప్పు వాళ్ళది మాత్రమే కాదు. అటెండరంటే గంట కొట్టేవాడనుకుంటారు. గంట కొట్టడం రోజుకి పది నిమిషాల పని. మిగిలిన పొద్దంతా కాగితాలు మోయడమే. మార్కుల రిజిస్టరు ఈ గదిలోంచి ఆ గదికి, ప్రశ్నపత్రాల కట్ట బీరువాలోంచి బల్ల మీదికి, సంతకం కావలసిన కాగితం సంతకం పెట్టేవాడి దగ్గరికి.

నాకు అక్షరాలు ముప్పై మూడో ఏట వచ్చాయి. రాత్రి బడిలో కాదు, చర్చిలో కాదు, హాజరుపట్టీలో. మాస్టారు పేర్లు పిలుస్తుంటే ఆయన భుజం వెనక నిలబడి, పిలిచిన పేరు ఏ గీత మీద ఉందో చూసుకునేవాణ్ణి. రోజూ అదే వరుస, అవే పేర్లు. అఆలు సరిగ్గా రాకముందే నాకు అరవై ఇంటిపేర్లు వచ్చాయి. ఆ తర్వాత ఏడో తరగతి ప్రైవేటుగా కట్టి పాసయ్యాను. పాసైన అటెండరుని రికార్డు అసిస్టెంటుగా, అంటే రిజిస్టర్లు భద్రంగా చూసుకునే ఉద్యోగానికి, పెంచేవారు. అందుకు హెడ్మాస్టరు గారు ‘తగినవాడు’ అని రాసి పైకి పంపాలి. ఆ డిసెంబర్లో నా కాగితం ఆయన బల్ల సొరుగులో ఉంది. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. చివర్లో చెబితే సాకులా ఉంటుంది.

బడి మంచిదో కాదో తేల్చడానికి పైవాళ్ళు చూసేది ఒక్కటే, పదో తరగతి పాస్ పర్సెంటేజి. పబ్లిక్ పరీక్ష రాసినవాళ్ళలో నూటికి ఎంతమంది పాసయ్యారన్న లెక్క. రాసినవాళ్ళలో అన్న మాట దగ్గర కాస్త ఆగండి. చేరినవాళ్ళలో కాదు, చదివినవాళ్ళలో కాదు. పరీక్షకి కూర్చోనివాళ్ళు ఆ లెక్కలోకే రారు. కాబట్టి పర్సెంటేజి పెరగడానికి రెండు దారులున్నాయి. పిల్లలకి చదువు చెప్పడం ఒకటి. రాదనుకున్నవాళ్ళని పరీక్షదాకా రానివ్వకపోవడం ఇంకొకటి. రెండోది సులువు.

డిసెంబర్లో హాఫ్ ఇయర్లీ పరీక్షలయ్యేవి. జనవరిలో నామినల్ రోల్స్, అంటే పబ్లిక్ పరీక్ష రాయబోయే పిల్లల పట్టిక, పైకి వెళ్ళేది. ఈ రెండింటి మధ్య హెడ్మాస్టరు గారు మార్కుల రిజిస్టరు ముందేసుకుని ఎర్ర పెన్సిలు పట్టేవారు. పేరు పక్కన టిక్కు పెడితే కాలేజీదాకా వెళ్ళే పిల్ల. చుక్క పెడితే బార్డరు, ఎలాగో గట్టెక్కే పిల్ల. సున్నా చుడితే డౌటు. డౌటువాళ్ళ పేర్లు పట్టికలోకి ఎక్కేవి కావు.

హాఫ్ ఇయర్లీ బడి సొంత పరీక్ష. ప్రశ్నపత్రం బడి ఇస్తుంది, రాసే కాగితాలు పిల్లలే తెచ్చుకోవాలి. ఠావంటే మడిస్తే నాలుగు పుటలయ్యే పెద్ద తెల్లకాగితం. ఇరవై నాలుగు ఠావులు ఒక దస్తా. ఉన్నవాళ్ళు దస్తా తెచ్చుకునేవారు, లేనివాళ్ళు అర దస్తా.

సువార్త అర దస్తా తెచ్చుకుంది. మా పేట పిల్లే, యోహానన్న కూతురు. నూజివీడు కాలేజీలో చేరి తర్వాత టీచరు ట్రైనింగు చేస్తానని చిన్నప్పటి నుంచీ అంటుండేది. పండక్కి కొత్త పరికిణీ కట్టుకున్నా చేతిలో ఏదో ఒక పుస్తకం ఉండాల్సిందే. ఆ ఆరు రోజుల పరీక్షల్లో ఆఖరిది సోషల్. మొదలై గంటా పావు అయింది, ఇంకా గంటా పావు ఉంది. నేను ఆఫీసు కాగితాల కట్ట చంకలో పెట్టుకుని వరండాలో పోతుంటే కిటికీలోంచి పిలిచింది.

“బాబాయ్, ఒక్క ఠావు ఇస్తావా? అయిపోయాయి.”

“ఇవి ఆఫీసు స్టాకమ్మా. లెక్క అప్పజెప్పాలి.”

“రేపు తెచ్చిచ్చేస్తా బాబాయ్.”

“రేపు నీకు పరీక్షెక్కడుంది, కాగితం తేవడానికి?” అన్నాను.

పక్క బెంచీలవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. నలుగురిని నవ్వించడం నాకు అప్పుడప్పుడే అలవాటవుతోంది.

పిల్ల ప్రశ్నపత్రం తిరగేసి, వెనకున్న ఖాళీలో రాసి, దారంతో మిగతా కాగితాలకి కలిపి కట్టి ఇచ్చింది. ప్రశ్నపత్రం మీద రాసింది దిద్దకూడదని రూలు. సోషల్ మాస్టారు దాన్ని లాగి పక్కన పడేశారు. సాయంత్రం ఆ గది ఊడ్చింది నేనే. అక్షరాలు ఆలస్యంగా వచ్చినవాడికి ఏ కాగితం కనబడినా చదివే జబ్బు ఉంటుంది. ఊడ్చే చీపురు గోడకానించి చదివాను. రుతుపవనాల గురించి రాసింది. గాలి ఎటునుంచి వస్తుందో, వాన ముందు ఎక్కడ పడుతుందో, నాకున్న చదువుతోనే అర్థమయ్యేలా ఉంది. చోటు చాలక చివరి వరుసల్లో అక్షరాలు నువ్వుగింజలంత అయిపోయాయి. ఒక వాక్యం సగంలో కాగితం అంచు వచ్చేసింది. దాన్ని చెత్తబుట్టలో వేశాను. దాచి ఉండాల్సింది.

వారం తర్వాత మార్కుల రిజిస్టరు మోస్తూ ఆమె గీత చూశాను. తెలుగు అరవై ఒకటి, హిందీ నలభై, ఇంగ్లీషు నలభై ఏడు, లెక్కలు యాభై అయిదు, సైన్సు ఇరవై ఆరు, సోషల్ పందొమ్మిది. పరీక్షలు జరిగింది కూడా అదే వరుసలో. ఏ రోజు కాగితాలు తరిగాయో ఆ రోజు నుంచి మార్కులు తరిగాయి. ఒక్కో మాస్టారు తన సబ్జెక్టు గడే నిలువునా చూసుకుంటారు. పేరు దగ్గర మొదలుపెట్టి అడ్డంగా చదవడం నాకు హాజరుపట్టీ నేర్పింది. అందుకే ఆ బడిలో ఆ సంగతి కనబడింది నాకొక్కడికే.

జనవరిలో హెడ్మాస్టరు గారు పిలిచారు. రిజిస్టరులో ఏడు ఎర్ర సున్నాలు.

“ఏవయ్యా దావీదు, ఈ సువార్త మీ పేటేగా?”

“అవునండి.”

“వాళ్ళ నాన్న చేత కాగితం పట్రా. ఇంటి పనుల వల్ల మానిపిస్తున్నానని రాయించు. మనం తీసేసినట్టు ఉండకూడదు.”

“పిల్ల చదువుతుందండి.”

“చదివితే పందొమ్మిది ఎందుకొస్తాయయ్యా?”

ఎందుకొచ్చాయో చెప్పాల్సిన చోటు అదే. ఆయన అడిగారు కూడా. మాట నాలుక మీద ఉంది. చెబితే, ఠావు ఇవ్వనన్నది నువ్వేగా అంటారేమో అనిపించింది. సొరుగులో నా కాగితం ఉంది.

“వచ్చే ఏడు ప్రైవేటుగా కట్టుకోమను. అన్నట్టు నీ ప్రమోషను కాగితం ఈ వారమే పంపిస్తున్నా,” అన్నారు.

ఆయన బెదిరించలేదు. బెదిరించి ఉంటే ఈ వయసులో నాకు కాస్త సుఖంగా ఉండేది.

ఆ సాయంత్రమే ఇంకు ప్యాడు పట్టుకుని యోహానన్న ఇంటికి వెళ్ళాను. తోటలన్నీ పూత మీదున్నాయి. నూజివీడు షావుకార్లు పూత చూసే తోట కాపు కొనేస్తారు. కొనేముందు యోహానన్నని వెంట తీసుకెళ్ళేవారు. ఆయన చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి ఇన్ని గంపలు దిగుతాయంటే, ఆ మాట మీద బేరం తెగేది. నేను వెళ్ళేసరికి తోటల నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు.

“ఏరా దావీదూ, ఆ డబ్బీ ఏంటి? మళ్ళీ ఓట్లొచ్చాయా?” అని నవ్వి మంచం వాల్చాడు. కూర్చున్నాను. వచ్చిన పని చెప్పాను. తడి కాళ్ళు తుడుచుకుంటూ అడిగాడు.

“మేష్టర్లు చూసే చెప్పారా?”

“చూసే చెప్పారన్నా.”

“నేను చెట్టు చూసి పాతిక గంపలంటే షావుకారు ఎందుకని అడగడు. చూసినోడి మాట అది. మేష్టర్లు పిల్లని చూసినోళ్ళు. నేనేం అడుగుతాను?”

పొయ్యి దగ్గర నుంచి వదిన అందుకుంది. “పోయినేడు పెద్దతోటకి నువ్వు చెప్పిన కాపు వచ్చిందా? మంచుకి సగం పూత మాడిపోలా? మేష్టర్లు చెప్పిందీ పూత చూసి చెప్పడమేగా!”

“నువ్వూరుకోవే. చదువు సంగతి నీకేం తెలుసు?”

ఆ ఇంట్లో తెలిసింది ఆవిడకే. అప్పుడు నేను ఆ మాట అనలేదు.

అంతలో సువార్త నీళ్ళబిందెతో వచ్చింది. నా చేతిలో ప్యాడు చూసింది, తండ్రి మొహం చూసింది. బిందె దించకుండానే అడిగింది.

“బాబాయ్, సోషల్ పరీక్షరోజు నాకు కాగితాలైపోయాయని సార్‌కి చెప్పావా?”

“చెప్పానమ్మా.”

“ఏమన్నారు?”

“రూలంటే రూలేనన్నారు.”

ఆ అమ్మాయి బిందెతో లోపలికెళ్ళింది.

కాగితం నేనే రాశాను. యోహానన్న చదివి వినిపించమన్నాడు. ఇంటి పనుల వల్ల అన్న చోట ఆపాడు. “మా ఇంట్లో ఏం పనులున్నాయిరా?”

“అలాగే రాస్తారన్నా.”

సరేనని బొటనవేలు చాచాడు. నేను కూడా ఒకప్పుడు జీతం రిజిస్టరు ముందు అలాగే చాచేవాణ్ణి. వేలు పట్టుకుని ప్యాడు మీద అద్ది కాగితం మీద ఒత్తాను. ఆ ఠావు ఆఫీసు స్టాకులోదే. దానికెవరూ నన్ను లెక్క అడగలేదు.

మార్చిలో పబ్లిక్ పరీక్ష. ఆ పరీక్షకి కాగితాలు ప్రభుత్వమే ఇస్తుంది. చాలకపోతే అడిషనల్ షీట్లని ఇంకా ఇస్తుంది, అడిగినన్ని. అవి పంచే డ్యూటీ నాదే. ఒక కుర్రాడు ఆరుసార్లు అడిగాడు, ఆరుసార్లూ పరిగెత్తి ఇచ్చాను. ఆ వరండాలో, డిసెంబర్లో సువార్త కూర్చున్న కిటికీ దగ్గరికి వచ్చినప్పుడల్లా నా నడక వేగం పెరిగేది.

ఆ ఏడు మా బడి నూటికి నూరు. హెడ్మాస్టరు గారికి దండలేశారు, పైనుంచి మెప్పు కాగితం వచ్చింది. ఆగస్టులో నేను రికార్డు అసిస్టెంటునయ్యాను. ప్రైవేటుగా కట్టడమంటే మైలవరం వెళ్ళి రాయాలన్నారు. రాదని మేష్టర్లే చెప్పాక అంతదూరం ఎందుకని యోహానన్న పంపలేదు. పిల్ల హనుమాన్ జంక్షన్ రోడ్డులో మామిడికాయల షెడ్డుకి, గంపల్లో గడ్డి పరిచే పనికి వెళ్ళింది.

మూడేళ్ళ తర్వాత ఒక మధ్యాహ్నం నా బల్ల ముందుకొచ్చి నిలబడింది. టీసీ కావాలంది. టీసీ అంటే బడి వదిలినప్పుడిచ్చే పత్రం. అందులో ఎందుకు మానింది అన్న గడి ఉంటుంది. అప్పటి కాగితం చూసి నేనే నింపి ఇచ్చాను. అక్కడే నిలబడి చదివింది.

“తండ్రి అభ్యర్థనపై.” చదివి నవ్వింది. “మా నాన్నకి ఆ మాట పలకడం కూడా రాదు బాబాయ్.”

“టీసీ ఎందుకమ్మా?”

“బాలవాడీలో ఆయా పనికి. టీచరు పోస్టుకైతే పది పాసవ్వాలంట. అప్లికేషను ఇక్కడే రాసేస్తా, ఒక్క ఠావు ఇస్తావా?”

బీరువా తీసి, కట్టు విప్పని దస్తా మొత్తం ఆమె ముందు పెట్టాను. కట్టు విప్పి ఒకటి తీసుకుంది. బల్ల అంచున వంగి రాసింది. అవే అక్షరాలు. ఒక పుటలో సగానికే అయిపోయింది. మిగిలిన కాగితాల అంచులు సరిచేసి, మళ్ళీ కట్టు కట్టి నా వైపు తోసింది.

“ఉంచుకోమ్మా.”

“ఇప్పుడేం చేసుకోను బాబాయ్?” అంది. వెళ్ళబోతూ ఆగింది. “ఆ రోజు నువ్వు సార్‌కి చెప్పలేదు కదూ?”

నేను దస్తా తీసుకుని బీరువా వైపు తిరిగాను.

“చెప్పుంటే సారు ఒక్కసారైనా పిలిచి అడిగేవారు. నాకప్పుడే తెలుసు.”

“మరి మీ నాన్నతో అనలేదేం తల్లీ?”

“నువ్వు మా ఇంట్లో మంచం మీద కూర్చునున్నావు బాబాయ్. ఎలా అంటాను?”

ఆ తర్వాత నేను రిటైరయ్యేదాకా బడి సొంత పరీక్షలన్నిటికీ నా డబ్బుతో ఒక దస్తా కొని గంట పక్కన స్టూలు మీద పెట్టేవాణ్ణి. అడిగినవాళ్ళు తీసుకునేవారు. కొత్త అటెండర్లు నవ్వేవారు. దాంతో సువార్తకి ఒరిగిందేమీ లేదు. ఆ ఎర్ర సున్నాల్లో మిగిలిన ఆరుగురి సంగతి నాకిప్పటికీ తెలియదు. వాళ్ళ గీతలు నేను అడ్డంగా చదవలేదు.

ఇప్పుడు పిల్లల్ని కొలిచే పద్ధతులు చాలా వచ్చాయంటున్నారు. నాకవి తెలియవు. నా ఉద్యోగం నాకు నేర్పింది చిన్న సంగతి. మార్కు ఎక్కడ పడిపోయిందో అక్కడ ఆగి, ఆ రోజు ఏం జరిగిందని ఎవరో ఒకరు అడగాలి. అడిగినప్పుడు తెలిసినవాడు నోరు విప్పాలి. మా హెడ్మాస్టరు గారు ఎంత చెడ్డగా అడిగినా, అడిగారు. తెలిసినవాణ్ణి నేనే.